పేర్లు లేని కోట

శ్రోతలకు నమస్కారం.

ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చున్నారు. వాళ్లలో ఒకరు చెబుతున్నారు: "మీ ఎదురుగా రాతి తలుపు. అవతల ఎవరో నడుస్తున్న చప్పుడు. ఏం చేస్తారు?"

వైకుంఠపాళిలో పాచిక ఎన్ని చెబితే అన్ని గళ్లు జరుగుతాం. ఇక్కడ అలా కాదు. తలుపు తన్నొచ్చు, చెవి ఆనించి వినొచ్చు, వెనుదిరిగి పోవచ్చు. ఏమవుతుందో తేలనప్పుడే పాచిక వేస్తారు.

రోల్‌ప్లేయింగ్ ఆట అంటే ఇదే. ఒకరు ఆట నడుపుతారు, మిగతావాళ్లు తలో పాత్రై ఆడతారు. ఇలాంటివాటిలో అచ్చై అమ్మకానికి వచ్చిన మొదటిది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ఆ ఆట 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి బయటికొచ్చింది. మొదట అచ్చేసినవి వెయ్యి పెట్టెలే. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు.

తర్వాత మాడ్యూల్స్, అంటే ఆడుకోవడానికి సిద్ధంగా రాసిపెట్టిన సాహసాలు, వచ్చాయి. పటం, గదుల వివరాలు, అక్కడ పొంచి ఉన్న జీవాలు, అన్నీ ఒక పలుచని పుస్తకంలో ఉంటాయి. నాకు వీటిమీదే ప్రేమ ఎక్కువ. గైగాక్స్ రాసిన 'ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్' చూడండి. సరిహద్దులో ఒక కోట, దానికి కొంత దూరంలో ఒక లోయ, లోయ నిండా గుహలు. గుహకో తెగ. వాళ్లతో పోరాడతారా, మాట కలుపుతారా, ఒకరి మీదికి ఇంకొకరిని ఉసిగొల్పుతారా, మీ ఇష్టం. కోటలో కమ్మరి ఉన్నాడు, పూజారి ఉన్నాడు, కోటకు అధిపతీ ఉన్నాడు. ఎవరికీ పేరు లేదు! ఆట నడిపేవారే పెట్టుకోవాలి. అంతకుముందు మైక్ కార్ రాసిన మాడ్యూల్‌లో అయితే, గదిలో ఏ జీవం ఉందో, ఏ నిధి ఉందో రాసుకోమని ఖాళీలే వదిలేశారు.

నన్నడిగితే ఆ పాత పుస్తకాలు ఇంకా బతికి ఉన్నది ఆ ఖాళీల వల్లే. 2000లో ఈ ఆట మూల నియమాల్లో చాలా భాగాన్ని ఎవరైనా వాడుకోవచ్చని బహిరంగ లైసెన్సు ఇచ్చారు. దాని అండతో 2006లో పాత నియమాలనే మళ్లీ రాసిన ఓస్రిక్ అనే నియమాల పుస్తకం వచ్చింది. అప్పటినుంచి పాత పద్ధతిలో కొత్త మాడ్యూల్స్ రాసేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు. వాటిలో కథ ముందే నిర్ణయమై ఉండదు. తొందరపడితే పాత్ర చచ్చిపోతుంది. అందుకే ఆడేవాళ్లు నేలను కర్రతో పొడిచి చూస్తారు, గోడను తట్టి వింటారు.

మీకూ ఆడాలనుంటే ఈ ఆదివారం ఒక గళ్ల కాగితం తీసుకోండి. ఆరు గదులు గీయండి. మూడింటిలో ఏముందో రాయండి. మిగతా మూడూ, మీవాళ్లు తలుపు తీసేదాకా అలాగే ఉంచండి.