నేరమైన ఇంటిపేరు

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ కార్యవర్గానికి, ఇంత ఎండలో శ్రమపడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా అంశం ‘యూరప్ ఇంటిపేర్లు’ అని వేశారు. స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ అని చెప్పుకుంటూ పోవచ్చు. అలాగే రాసుకొచ్చాను కూడా. కానీ ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను. ఒక్క ఇంటిపేరు గురించే మాట్లాడతాను. మాక్‌గ్రెగర్.

అంటే గ్రెగర్ సంతతి. స్కాట్లండ్ కొండల్లో గ్లెన్ ఆర్కీ, గ్లెన్ స్ట్రే లోయలు వాళ్లవి. తరతరాలుగా ఉంటున్న ఆ నేలకు పక్కనున్న క్యాంప్‌బెల్‌లు రాజుగారి పట్టాలు సంపాదించారు. నేల పోయినవాళ్లు పశువుల దోపిడీకి దిగారు. 1603 ఫిబ్రవరిలో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర కహూన్ వంశం వాళ్లను చాలామందిని చంపారు. అది ఘోరమే. నేను సమర్థించను. కానీ ఆరో జేమ్స్ రాజు వేసిన శిక్ష చూడండి! ఆ ఏప్రిల్‌లో ఇంటిపేరునే రద్దు చేశారు. మాక్‌గ్రెగర్ అని చెప్పుకుంటే మరణశిక్ష. కత్తి పట్టినవాడికే కాదు, ఇంకా పుట్టని బిడ్డకు కూడా. మరుసటి ఏడు వంశ నాయకుణ్ణి ఎడిన్‌బరోలో ఉరితీశారు.

మనం పంతానికి ‘నా పేరు మార్చుకుంటా’ అంటాం. వాళ్లు ప్రాణం కోసం నిజంగానే మార్చుకున్నారు. ముర్రే, డ్రమండ్, గ్రాంట్, చివరికి తమ నేల పట్టుకుపోయిన క్యాంప్‌బెల్ పేరు కూడా.

1661లో రెండో చార్లెస్ నిషేధం ఎత్తేశాడు. 1693లో మళ్లీ పెట్టారు. అప్పటికి ఈ వంశంలోనే పుట్టిన, తర్వాత కథలకెక్కిన రాబ్ రాయ్‌కి 22 ఏళ్లు. అమ్మ పుట్టింటి పేరు క్యాంప్‌బెల్. ఆ పేరుతోనే పశువుల బేరాలు చేశాడు, ఆ పేరుతోనే సంతకాలు పెట్టాడు. 1734లో చనిపోయేనాటికీ సొంత పేరు నేరమే. ఆలోచించండి, 40 ఏళ్లు! బాల్‌క్విదర్ చర్చి ఆవరణలో ఆయన సమాధి మీద తర్వాతివాళ్లు చెక్కించారు: ‘వాళ్లు కాదన్నా మాక్‌గ్రెగరే’.

స్కాట్లండ్‌లో నిషేధం ఉండగానే, 1718లో జేమ్స్ మాక్‌గ్రెగర్ అనే పాస్టర్ ఐర్లండ్‌లోని అల్‌స్టర్ నుంచి తన సంఘంతో ఓడెక్కి బోస్టన్ చేరాడు. మరుసటి ఏడు న్యూ హాంప్‌షైర్‌లో ఊరు కట్టుకున్నారు. అక్కడ ఆ పేరు ఊరి పెద్దది. పూర్వీకుల దేశంలో దొంగది.

1774లో పార్లమెంటు నిషేధాన్ని పూర్తిగా తీసేసింది. వంశపెద్దగా ఎన్నుకున్న జాన్ ముర్రే మన దేశంలోనే, బెంగాల్‌లో, కంపెనీ కొలువు చేసినవాడు. ఆ కుటుంబం మాక్‌గ్రెగర్ పేరును అధికారికంగా తిరిగి తీసుకున్నది 1822లో. చట్టం పోయినా పేరు ఇంటికి రావడానికి అన్నేళ్లు పట్టింది. రాని ఇళ్లు కూడా ఉన్నాయి. ఇవాళ న్యూజీలాండ్‌లో తాతల వివరాలు వెతికే ఒక డ్రమండ్, నిజానికి మాక్‌గ్రెగర్ కావచ్చు.

నాకు ఇంత బాధ ఎందుకంటే, ఫారంలో గళ్లు చాలవని ఒక ఆఫీసులో మా నాన్నగారి ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించారు. ఆ తర్వాత మా అందరి సర్టిఫికెట్లలోనూ ఆ ఒక్క అక్షరమే మిగిలింది. మా పిల్లలకు పూర్తి ఇంటిపేరు ఇప్పటికీ తడుముకుంటేగానీ రాదు. అమ్మలూ, అయ్యలూ, జూన్‌లో స్కూలు ఫారాలు నింపుతారు కదా. పొడి అక్షరం వేయకండి. పూర్తిగా రాయండి. గళ్లు చాలకపోతే ఇంకో కాగితం అడగండి.