పాత షావెల్ క్యాబిన్‌లో

సభాధ్యక్షులకు, మైనింగ్ డిప్లొమా చదువుతున్న పిల్లలకు, ముందు వరసలో కూర్చున్న నా తోటి రిటైర్డ్ కార్మికులందరికీ నమస్కారం.

గని అనుభవాల మీద మాట్లాడమన్నారు. మట్టి మోసే డంపర్ల గురించి, డ్రిల్లుల గురించి చెప్పడానికి ఇక్కడ నాకంటే తెలిసినవాళ్ళున్నారు. నేను షావెల్ ఆపరేటర్‌ని. నాకు ప్రాణమైన పాత రోప్ షావెల్ గురించే మాట్లాడతాను.

తవ్వే మిషన్ అంటే మీకు ఊళ్ళో చెరువు పూడిక తీసే పొక్లెయిన్ గుర్తొస్తుంది. దానిది ఆయిల్ ప్రెషర్ బలం. నేను చెప్పేది అంతకుముందు తరం. ఇందులో బకెట్‌ను పైకి లాగేది ఉక్కు తాడు. 1839లో అమెరికాలో విలియం ఓటిస్ అనే యువకుడు ఆవిరి షావెల్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత పనామా కాలువ తవ్వకంలో పనిచేసినవి ఈ వంశపు మిషన్లే. ఆవిరి పోయి కరెంటు వచ్చింది. బూమ్ అనే పొడవాటి చెయ్యి, తాడు, ముందుకు పొడిచే హ్యాండిల్, అడుగున తలుపున్న బకెట్ మాత్రం మా దాకా అలాగే వచ్చాయి.

మన సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైతే, ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచి మట్టి తీసి బొగ్గు తవ్వే గనులు, వచ్చింది 1970లలో. నేను ఎక్కువ కాలం నడిపింది 4.6 షావెల్. సోవియట్ డిజైను, రాంచీలోని హెచ్ఈసీ కర్మాగారంలో తయారీ. 4.6 అంటే బకెట్‌లో పట్టే ఘనపు మీటర్లు. మొత్తం బరువు దాదాపు 200 టన్నులు. నడక గంటకు అర కిలోమీటరు. ఒక బెంచి (గనిలో మెట్టులాంటి చదును) నుంచి ఇంకో బెంచికి దాన్ని నడిపించే రోజు ఉత్పత్తి సంగతి మరిచిపోవాల్సిందే. ముందు డోజర్ దారి చదును చేస్తుంటే, వెనక హెల్పర్లు కరెంటు కేబుల్‌ను సర్దుతూ వచ్చేవాళ్ళు. ఆ కేబుల్ మీద చిన్న రాయి పడినా మా గుండె ఆగినంత పనయ్యేది.

ఇక చప్పుడు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. కేబుల్‌లో వచ్చే కరెంటు ఒక పెద్ద ఏసీ మోటారును తిప్పుతుంది. దాని షాఫ్టుతో పాటే తిరిగే జనరేటర్లు డీసీ పుట్టిస్తాయి. ఆ డీసీతో బకెట్‌ను పైకి లేపే హాయిస్ట్, ముందుకు పొడిచే క్రౌడ్, పక్కకు తిప్పే స్వింగ్ మోటార్లు నడుస్తాయి. మీరు పుస్తకంలో వార్డ్ లెనార్డ్ అని చదివేది ఇదే. షిఫ్టు మొదట్లో ఈ మోటారు-జనరేటర్ల సెట్టు స్టార్ట్ చేస్తే సన్నగా మొదలైన ఊళ క్రమంగా పెరిగి ఒక స్థాయిలో నిలబడుతుంది. ఆ స్థాయి చెవికి పట్టిందంటే మిగతాదంతా దాన్నిబట్టి తెలిసిపోయేది. బకెట్ మెత్తటి మట్టిలో వెళ్తున్నప్పుడు ఒక శబ్దం, పగలని బండకు తగిలినప్పుడు ఇంకొకటి. అప్పటికీ లివర్ వదలకుండా క్రౌడ్ చేస్తూ పోతే బూమ్ పైకి లేస్తుంది, దాన్ని పట్టి ఉంచే తాళ్ళు వదులవుతాయి. ఆ తర్వాత బూమ్ ధబేల్‌మని కిందికి పడిందంటే షిఫ్టు మొత్తం ఫిట్టర్లకు అప్పగించినట్టే. నాకు పని నేర్పిన పెద్దాయనను కాకా అని పిలిచేవాణ్ణి. నా భుజం పక్కన నిలబడి, "మిషిన్ ఏమంటున్నదో ముందుగాల ఇను. తర్వాతనే చెయ్యి కదిలియ్యి" అనేవాడు. ఎన్నో రోజులు ఆ ఒక్క మాటే చెప్పాడు. ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ ట్రైనింగులోనూ దొరకలేదు.

బకెట్ మట్టిలో ఉండగా స్వింగ్ తిప్పకూడదు, బూమ్‌కు పక్క పోటు తగులుతుంది. పూర్తిగా బయటికి వచ్చాకే తిప్పాలి. తిప్పుతూనే ఎత్తు సరిచూసుకోవాలి. డంపర్ క్యాబిన్ మీదుగా బకెట్ ఎప్పుడూ పోకూడదు. మొదటి బకెట్ సన్నమట్టి అయ్యుండాలి, కిందికి దించి నెమ్మదిగా వదలాలి. ఆ మెత్తటి పరుపు మీదే పెద్ద రాళ్ళు వెయ్యాలి. డంపర్ లోపల కూర్చున్న డ్రైవర్ నడుము నా చేతిలో ఉందని నాకు ఎప్పుడూ గుర్తుండేది. 35 టన్నుల డంపర్‌కు అయిదు బకెట్లు. చివరి బకెట్ వదిలి హారన్ కొడితే, కదులుతూ చెయ్యి ఊపేవాడు. రోజంతా మాట్లాడుకోకుండానే ఎంతో మాట్లాడుకున్నట్టుండేది.

ఖాళీ బకెట్ వెనక్కి వస్తూ కిందికి దిగేటప్పుడు అడుగు తలుపు తన బరువుతో తానే మూసుకుంటుంది. గొళ్ళెం పడ్డ శబ్దం వినిపించాలి. వినిపించకపోతే తవ్విందంతా మధ్యలోనే రాలిపోతుంది. ఆ లోపలే కళ్ళు పళ్ళ మీదికి పోవాలి. బకెట్ పళ్ళు మాంగనీస్ స్టీలువి. అరిగిపోయి ఎప్పుడో ఒకటి ఊడుతుంది. అది బొగ్గులో కలిసి క్రషర్‌లో పడితే అక్కడ పని ఆగిపోతుంది. అందుకని ప్రతి బకెట్‌కూ పళ్ళు చూసుకోవడం మాకు రెప్ప వేసినంత అలవాటు. బ్లాస్టింగ్ అయిన కొత్త ఫేస్ (తవ్వే గోడ) అయితే చూపు మరీ జాగ్రత్తగా ఉండాలి. రాళ్ళ మధ్య రంగు తీగ కనిపించిందా, లివర్లు వదిలెయ్యాలి, బకెట్‌ను అలాగే ఆపి బ్లాస్టింగ్ వాళ్ళకు కబురు పెట్టాలి. పేలకుండా మిగిలిన మందు ఉండొచ్చు. ఆ పూట ఎంత పని ఆగినా, ఎవరు ఎంత తొందరపెట్టినా ఇందులో మాట తేడా లేదు.

ఎండాకాలం ఇనుప క్యాబిన్ ఎలా ఉండేదో ముందు వరసవాళ్ళను అడగండి. తడి గోనె చుట్టిన నీళ్ళ క్యాన్, తల మీద ఒక ఫ్యాను, అంతే. రాత్రి షిఫ్టు మాత్రం నాకు ఇష్టం. బొగ్గు బెంచి మీద గాలి తగిలి వేడెక్కిన చోట చీకట్లో ఎర్రటి గీత కనిపించేది. నీళ్ళ ట్యాంకర్ వచ్చి కొడితే బుస్సుమని ఆవిరి లేచేది.

కొన్ని చోట్ల పాత భూగర్భ గనుల మీదే ఓపెన్‌కాస్టులు తెరిచారు. అలాంటి బెంచి మీద పని అంటే కిందున్న పాత గ్యాలరీలు (సొరంగాలు) ఎక్కడున్నాయో డ్రిల్ వేసి చూసుకుంటూ పోవాలి. 200 టన్నులు పైన నిలబడుతున్నాయి కదా. ఒక రోజు ఫేస్ తీస్తుంటే ఒక గ్యాలరీ నోరు తెరుచుకుంది. లోపల కట్టె దిమ్మెలు ఇంకా పైకప్పును మోస్తూ నిలబడి ఉన్నాయి. నా హెల్పర్ అంతకుముందు భూగర్భంలో తట్ట మోసి వచ్చినవాడు. దిగి, దూరం నుంచే చాలాసేపు చూశాడు. "అన్నా, గవి మావోళ్ళు పెట్టిన దిమ్మెలే. మూల చెక్కిన తీరు సూడు" అన్నాడు. నిజంగానే ప్రతి దిమ్మె పైన చీలిక ఒకేలా, నీటుగా చెక్కి ఉంది. ఆ మనుషులు నడుము వంచి తట్టలతో మోసినదాన్ని మేం కూర్చుని లివర్లతో తీస్తున్నాం. ఆ రోజు నుంచి ఆ బెంచి మీద పని చెయ్యడం నాకు వేరేగా ఉండేది.

తర్వాత పెద్ద హైడ్రాలిక్ షావెళ్ళు వచ్చాయి. ఏసీ క్యాబిన్, తక్కువ చప్పుడు, బొగ్గునూ రాయినీ వేరుగా తియ్యడంలో మంచి ఒడుపు. వాటి మీద కూర్చున్న పిల్లలను చూసి సంతోషపడ్డాను. మా నడుములు పడ్డ కష్టం వాళ్ళు పడక్కర్లేదు. అయినా మా పాత 4.6ను ఇక పనికిరాదని సర్వే ఆఫ్ చేసి పక్కన పెట్టిన రోజు డ్యూటీ దిగి ఇంటికి పోకుండా దాని ట్రాక్ మీద కూర్చున్నాను. గ్రీజు వాసన ఇంకా పోలేదు.

పిల్లలూ, ఒక్క పని చెయ్యండి. మీ అందరి దగ్గరా ఫోన్లున్నాయి. సభ అయ్యాక ఈ ముందు వరసవాళ్ళను పోనివ్వకండి. హాయిస్ట్ రోప్ ఎలా మార్చేవాళ్ళో అడగండి. పాత తాడు చివర కొత్త తాడు ఎలా కట్టేవాళ్ళు, డ్రమ్ము దగ్గర ఎవరు నిలబడేవాళ్ళు, చెయ్యి ఎక్కడ పెట్టకూడదు, ఎవరు ఏమని కేక వేసేవాళ్ళు, అన్నీ అడిగి రికార్డు చెయ్యండి. ఇది చెప్పడానికే వాళ్ళకు ఒక పూట పడుతుంది. టీలు నేను తెప్పిస్తాను.