రోమన్ నాణెం మీద ఆవిడెవరు? ముందు "ఇట్లు" చూడండి

[స్క్రీన్ మీద: కంచు నాణెం. తల మీద కోటగోడలాంటి కిరీటం పెట్టుకున్న స్త్రీ]

ఈ బొమ్మ నాకు వాట్సాప్‌లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ప్రతిసారీ కింద అదే రాత, "రోమన్ల కాలంలో నగరాన్ని ఏలిన మహారాణి" అని. దాని కింద దండాలు, చప్పట్లు, "ఆ రోజుల్లోనే ఆడవాళ్లకి ఎంత గౌరవమో చూడండి" అని ఒక పెద్దాయన. ఇంకో రకం ఫార్వర్డ్ కూడా ఉంది. అందులో సమాధి రాయి మీద కదురు పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటుంది, కింద "పాపం, చచ్చేదాకా నూలు వడకడమే బతుకు" అని ఉంటుంది. అదే సామ్రాజ్యం, అదే కాలం. ఒక గ్రూపులో మహారాణి, ఇంకో గ్రూపులో పాపం. నాకు మండేది ఎక్కడంటే, రెండు చోట్లా చేస్తున్న తప్పు ఒకటే. బొమ్మలో ఏం కనిపిస్తే అదే జరిగిందనుకుంటున్నారు. ఆ బొమ్మ వేయించింది ఎవరు, డబ్బులు పెట్టింది ఎవరు అని ఒక్కరూ అడగరు.

ముందు ఈ కిరీటం ఆవిడ సంగతి తేల్చేద్దాం. ఈవిడ మనిషే కాదు. టైకీ, అంటే ఊరి అదృష్టానికి దేవత. తల మీద ఉన్నది ఆ ఊరి ప్రహరీ. ఆంటియోక్ అనే ఊరి నాణేల మీదైతే బండ మీద కూర్చుని ఉంటుంది, కాళ్ల దగ్గర ఓరాంటిస్ నది ఒక కుర్రాడి రూపంలో ఈదుతూ ఉంటుంది. యూటికిడీస్ అనే శిల్పి క్రీ.పూ. 300 ప్రాంతంలో చేసిన విగ్రహాన్ని చూసి వేసిన బొమ్మ అది. కాబట్టి రాణీ లేదు, ఏలడమూ లేదు.

దీనికంటే నాకు నచ్చే తమాషా ఇంకోటుంది. ఇప్పటి టర్కీ ప్రాంతపు నాణేల మీద ముసుగేసుకున్న ఒక స్త్రీ ముఖం తరచూ కనిపిస్తుంది, పక్కన గ్రీకులో "పవిత్ర సభ" అని ఉంటుంది. ఆవిడ నగర సభకి రూపం. ఆ సభలో కూర్చునే వాళ్లంతా మగవాళ్లు. సభలో ఒక్క ఆడమనిషికీ సీటు లేదు, సభ బొమ్మ మాత్రం ఆడమనిషి! సరే, దీని మీద నేను మొదలుపెడితే ఆగను.

ఇప్పుడు నిజంగా బతికిన ఆడవాళ్ల బొమ్మల దగ్గరికి వద్దాం. దానికి ముందు మన ఊరి సెంటర్లో కట్టిన ఒక ఫ్లెక్సీ గుర్తు తెచ్చుకోండి. పైన పెద్ద నాయకుడు నవ్వుతూ చెయ్యి ఊపుతుంటాడు, కింద వరసగా గుండ్రటి ఫొటోలు, అన్నిటికంటే అడుగున "ఇట్లు" అని ఒక పేరు. ఆ ఫ్లెక్సీ చూస్తే పైన ఉన్న నాయకుడి గురించి మనకి కొత్తగా ఏం తెలుస్తుంది? ఏమీ తెలీదు. ఆయన ఆ ఫ్లెక్సీ చూసి కూడా ఉండడు. అడుగున ఉన్న "ఇట్లు" గురించి మాత్రం చాలా తెలుస్తుంది. ఏ వర్గం, ఏ పదవి మీద కన్ను, ఎవరి దృష్టిలో పడాలని తాపత్రయం, అన్నీ.

రోమ్ కింద ఉన్న ప్రావిన్సుల్లో, ముఖ్యంగా తూర్పున, వందల ఊళ్లు సొంతంగా కంచు నాణేలు వేసుకునేవి. రోజువారీ చిల్లర అన్నమాట. ఒకవైపు చక్రవర్తి, లేదా ఆయన తల్లి, భార్య, కూతురు. రెండోవైపు ఊరి దేవత, ఊరి పేరు, చాలాసార్లు ఆ నాణెం వేయించిన స్థానిక పెద్దమనిషి పేరు. బొమ్మ ఏది వేయాలన్నది చాలావరకు ఆ ఊరి పెద్దల ఇష్టమే. అదిగో, అక్కడుంది "ఇట్లు".

[స్క్రీన్ మీద: రెక్కలున్న స్త్రీ ముఖంతో చిన్న నాణెం. కెమెరా జుట్టు మీదకి]

క్రీ.పూ. 41, 40 ప్రాంతం. ఫ్రిజియాలో యూమెనియా అని ఒక ఊరు, ఇప్పుడు టర్కీలో ఉంది. అప్పట్లో తూర్పంతా రోమన్ నాయకుడు మార్క్ ఆంటోనీ చేతిలో ఉంది, ఆయన భార్య ఫుల్వియా. ఈ ఊరివాళ్లు ఏం చేశారంటే, ఏకంగా ఊరి పేరే ఫుల్వియా అని మార్చేసి ఈ నాణెం వేశారు. రెక్కలు చూస్తే విజయ దేవత నైకీ. కానీ జుట్టు చూడండి. నుదుటి మీద ఒక పాయని ముందుకి మడిచి ముడిలా నిలబెట్టి, మిగతాది వెనక్కి లాగి సిగ చుట్టారు. అది దేవతల జుట్టు కాదు, ఆ రోజుల్లో రోమ్‌లో గొప్పింటి ఆడవాళ్లు దువ్వుకునే తీరు. దేవత ఒంటికి ఫుల్వియా తల పెట్టారని చాలామంది పండితుల మాట, నేనూ ఆ పక్షమే. వెనక వైపు "ఇట్లు" ఎవరో తెలుసా? ఫిలోనిడీస్ కొడుకు జ్మెర్టోరిక్స్. పేరు చూడండి, గౌల్ వాసన కొడుతున్న పేరు, తండ్రిది శుద్ధ గ్రీకు పేరు, పొగిడింది రోమన్ ఇల్లాలిని. ఈ నాణెంతో ఫుల్వియాకి ఏం ఒరిగిందో గానీ జ్మెర్టోరిక్స్ పేరు రెండు వేల ఏళ్ల తర్వాత నేను తెలుగులో పలుకుతున్నాను.

క్రీ.పూ. 40లో ఫుల్వియా చనిపోయింది. ఆంటోనీ అదే ఏడు ఆక్టేవియాని పెళ్లాడాడు, మరుసటి ఏడే ఆసియా ప్రావిన్సు వెండి నాణేల మీదకి ఆక్టేవియా వచ్చేసింది, ఇంకొన్నేళ్లకి క్లియోపాత్రా. యూమెనియా కూడా మళ్లీ పాత పేరు పెట్టేసుకుంది. అధికారం మారిన మర్నాడు సెంటర్లో ఫ్లెక్సీలు ఎలా మారతాయో మీకు చెప్పక్కర్లేదు.

కొన్నిసార్లు ఫ్లెక్సీ కట్టాక నాయకుడే సస్పెండ్ అవుతాడు కదా, పెర్గమమ్ అనే ఊరికి అదే జరిగింది. ఖరీనోస్ అనే ఆయన వేయించిన నాణెం మీద ఒకవైపు రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ భార్య లివియా హేరా దేవతగా, రెండోవైపు అగస్టస్ కూతురు జూలియా ఆఫ్రొడైటీగా ఉంటారు. సవతి తల్లీ కూతుళ్లు, చెరో వైపు. క్రీ.పూ. 2లో అక్రమ సంబంధాల ఆరోపణ మీద కన్నతండ్రే జూలియాని పాండటేరియా ద్వీపానికి పంపేశాడు. అప్పటికే నాణేలు జనం చేతుల్లో తిరుగుతున్నాయి. పాపం ఖరీనోస్ టెన్షన్ ఏ స్థాయిలో ఉండి ఉంటుందో!

రోమ్ వేసే బొమ్మకీ ఊళ్లు వేసే బొమ్మకీ ఉన్న తేడా లివియా విషయంలో బాగా కనిపిస్తుంది. ఆవిడ క్రీ.శ. 29లో, 86 ఏళ్ల వయసులో పోయింది. అంతకాలం బతికినా రోమ్ టంకశాల ఒక్కసారి కూడా ఆవిడ ముఖం వేసి పక్కన పేరు రాయలేదు. పేరు వేసిన నాణెం మీద ముఖం లేదు, బండి ఉంది. ముఖం ఆవిడదే అనిపించే నాణెం మీద ఆరోగ్య దేవత అని రాసి ఉంది. అగస్టస్ పోయాక సెనేట్ ఆవిడకి "దేశమాత" అని బిరుదు ఇద్దామంటే ఆవిడ కొడుకు, కొత్త చక్రవర్తి టైబీరియస్ ఒప్పుకోలేదు. మరి స్పెయిన్‌లో, ఇప్పటి సెవిల్ దగ్గర వేసిన నాణెం మీద ఏముంది? లివియా తల, కింద భూగోళం, పైన నెలవంక, "జగన్మాత" అని బిరుదు. దేశమాత వద్దంటే జగన్మాత చేశారు! ఫ్లెక్సీ ఎప్పుడూ నాయకుడికంటే రెండాకులు ఎక్కువే చదువుతుంది. అందుకే ప్రావిన్సు నాణెం చూసి "రోమ్‌లో ఆడవాళ్లకి ఇంత పలుకుబడి" అనడం కుదరదు. ఆ పలుకుబడి ఉందని ఆ ఊరు అనుకుంది, లేదా అలా అనుకుంటున్నట్టు కనిపించాలనుకుంది.

అయితే "ఇట్లు" దగ్గర ఎప్పుడూ మగవాళ్లే ఉంటారా? ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అదే యూమెనియా, దాదాపు వందేళ్ల తర్వాత. నాణెం మీద నీరో చక్రవర్తి తల్లి ఆగ్రిప్పినా. వెనక కూర్చున్న సిబెలి దేవత, చుట్టూ అక్షరాల్లో "క్లియోన్ భార్య బాస్సా, ప్రధాన పూజారిణి". భర్త క్లియోన్ పేరుతో వేరే నాణెం ఉంది, దాని మీద ఆయన కూడా ప్రధాన పూజారే. అంటే మొగుడిది మగవాళ్ల ఫ్లెక్సీ, పెళ్లానిది ఆడవాళ్ల ఫ్లెక్సీ. ఆ కాలంలో ఊళ్లో ఆడవాళ్ల స్థానం తెలియాలంటే నేనైతే వంద ఆగ్రిప్పినా ముఖాలకంటే ఈ అడుగు వరసలో ఉన్న బాస్సా పేరు చూడమంటాను. డబ్బు, కుటుంబం, గుడి పదవి ఉన్న స్త్రీ పేరు చిల్లర మీదకి ఎక్కగలిగేది. భర్త పేరు పక్కన ఉండాల్సిందే, అది వేరే సంగతి.

[స్క్రీన్ మీద: సమాధి రాయి. పేము కుర్చీలో కూర్చున్న స్త్రీ, ముఖం పగిలిపోయి ఉంది]

ఇక సమాధులు. ఇవి కూడా ఫ్లెక్సీలే, కాకపోతే అశ్రునివాళి ఫ్లెక్సీలు. అమ్మ పోతే ఏం చేస్తాం? ఉన్న ఒక్క ఆధార్ ఫొటోనో, ఎవరి పెళ్లిలోనో తీసిన ఫొటోనో పట్టుకుని స్టూడియోకి వెళ్తాం. వాడు పట్టుచీర తగిలిస్తాడు, మెడలో హారం పెడతాడు, వెనకాల మేఘాలు వేస్తాడు. కింద కొడుకుల పేర్లు.

ఈ రాయి 1878లో ఇంగ్లండ్ ఉత్తరాన, టైన్ నది సముద్రంలో కలిసే సౌత్ షీల్డ్స్‌లో దొరికింది. ఆవిడ పేరు రెజీనా, పోయేనాటికి 30 ఏళ్లు. దక్షిణ ఇంగ్లండ్‌లోని కాటువెల్లౌని తెగ మనిషి, బానిసగా ఉండేది. ఆమెని విడిపించి పెళ్లి చేసుకున్నవాడు బారాటెస్, సిరియాలోని పామైరా వాడు. దాదాపు 4,000 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చాడు. ఇప్పుడు బొమ్మని దగ్గరగా చూడండి. ఒళ్లో ఎడమచేత్తో కదురు, ఉన్ని చుట్టిన కర్ర పట్టుకుంది. కుర్చీకి ఒక పక్కన ఉన్ని ఉండలున్న బుట్ట. రెండో పక్కన నగల పెట్టె, దాని మూత మీద కుడిచెయ్యి. మెడలో మెలి తిప్పిన హారం, ముంజేతులకి కడియాలు. అంటే ఇక్కడ కదురు పని గురించి చెప్పట్లేదు, హోదా గురించి చెబుతోంది. ఇంటి యజమానురాలు, పద్ధతైన ఇల్లాలు, పెట్టె నిండా నగలున్న మనిషి అని. నిన్నటిదాకా బానిస అయిన మనిషికి ఆ పట్టుచీర తగిలించింది బారాటెస్. కదురు పట్టుకుని కనిపించే ఆ తీరు కూడా వాళ్ల ఊరు పామైరా సమాధుల్లో బాగా కనిపించేదే.

కింద రాత రెండు భాషల్లో ఉంది. లాటిన్‌లో విభక్తులు గల్లంతయ్యాయి, దాని కింద సొంత భాష అరమాయిక్‌లో మాత్రం అందమైన చేతిరాతలా ఒక్క వాక్యం: "రెజీనా, బారాటె విడిపించిన స్త్రీ, అయ్యో." ఇక్కడికి వచ్చేసరికి అందరూ కళ్లు తుడుచుకుని ఎంత గొప్ప ప్రేమకథో అంటారు. కావచ్చు. కానీ తనని విడిపించిన యజమానినే పెళ్లాడిన స్త్రీ, అతని ఒప్పుదల లేకుండా విడిపోయి ఇంకొకరిని చేసుకోవడానికి రోమన్ చట్టం ఒప్పుకోదు. ఆ "అయ్యో" బారాటెస్‌ది. ఈ రాయి మీద రెజీనా మాట ఒక్కటి కూడా లేదు. నాకైతే ఈ రాయి చూసినప్పుడు కళ్లు చెమర్చడం కంటే ఇబ్బందే ఎక్కువ అనిపిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ జర్మనీలోని మైంజ్‌లో ఉంది. పడవల మీద బతికిన బ్లుస్సుస్, 75 ఏళ్లకి పోయాడు, పక్కన భార్య మెనిమానె. ఆయన చేతిలో డబ్బు సంచి. ఆవిడ ఒంటి మీద రోమన్ బట్టలు లేవు, తమ వైపు వాళ్ల కట్టు, భుజాల మీద పెద్ద పెద్ద బ్రోచ్‌లు, చేతిలో కదురు, ఒళ్లో ఒక బుజ్జి కుక్క. రాతలో ఏముందంటే, "భార్య, బతికుండగానే తనకోసం చేయించుకుంది" అని. అందుకే భర్త వయసు చెక్కి ఉంది, ఆవిడ వయసు దగ్గర ఖాళీ వదిలేశారు, ఆ తర్వాత ఎవరూ నింపలేదు. ఇక్కడ "ఇట్లు" ఆవిడే, కొడుకు ప్రిముస్‌తో కలిపి. కుక్క కావాలన్నది కూడా ఆవిడే అని నా ఊహ.

టైమ్ అయిపోతోంది, ఎడిటర్ నన్ను తిట్టుకుంటాడు, మిగతావి గబగబా చెప్పేస్తాను. పామైరా సమాధుల్లో మొదట్లో ఆడవాళ్ల చేతుల్లో కదుళ్లు ఎక్కువ. రెండో శతాబ్దం గడిచేకొద్దీ కదుళ్లు తగ్గి నగలు పెరుగుతాయి. కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఉన్న "పామైరా సుందరి" శిల్పానికైతే నగలతో పాటు పాత రంగు కూడా ఇంకా అంటుకుని ఉంది. దాన్ని చూసి ఆడవాళ్లు పని మానేశారనకండి, ఫ్లెక్సీ ఫ్యాషన్ మారింది. జుట్టు సంగతి: నాణేల మీద చక్రవర్తి భార్య జుట్టు ఎలా ఉంటే ఊళ్లలో సమాధుల మీద ఆడవాళ్ల జుట్టూ అలాగే తయారవుతుంది, రాత లేని రాయికి కాలం కట్టాలంటే పురావస్తు వాళ్లు మొదట చూసేది ఆ సిగనే. ఫ్రిజియాలో తలుపు ఆకారపు సమాధి రాళ్ల మీద అసలు మనిషి బొమ్మే లేకుండా దువ్వెన, అద్దం, కదురు చెక్కిన సందర్భాలున్నాయి. అది వేరే వీడియోకి సరిపడా విషయం.

చివరిగా మన వైపు. ప్రావిన్సుల కంచు చిల్లర ఊరు దాటడమే తక్కువ, మనదాకా ఎక్కువగా వచ్చింది వెండీ బంగారమే. నల్లగొండ జిల్లా అక్కెనపల్లి లాంటి చోట్ల దొరికిన వెండి దినార్లలో అగస్టస్, టైబీరియస్ కాలానివి ఎక్కువ. టైబీరియస్ దినార్ తిప్పితే వెనక కుర్చీలో ఒక స్త్రీ, ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ. శాంతి దేవత రూపంలో లివియా అని చాలామంది అంటారు, పేరు మాత్రం యథాప్రకారం లేదు. ఇలాంటి కొన్ని దినార్ల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది, ఇక్కడివాళ్లే పెట్టిన గాటు, ఎందుకు పెట్టారన్న దాని మీద వాదనలున్నాయి. కామెంట్లలో మీ లెక్క రాయండి. వచ్చే వీడియో జెనోబియా నాణేల మీద, అందులో నిజంగానే రాణి ఉంది.