మా నాయన తెర, నా తెర

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, నాతో పాటు పెళ్లిళ్లలో లైట్లు మోసిన అన్నదమ్ములకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. 1839లో ఇదే ఆగస్టు 19న పారిస్‌లో డాగ్యురే అనే ఆయన కనిపెట్టిన తొలినాళ్ల ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించారని నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నాకు పెళ్లి ఫోటోగ్రఫీ గురించి మాట్లాడమని చెప్పారు. టైముంటే దాని దగ్గరికి వస్తాను. ముందు గుండెలో ఉన్నది చెప్పుకోనివ్వండి.

రెండేళ్ల కిందట ఒక పోటీకి ఫోటో పంపాను. పెద్ద గ్రహం, చుట్టూ వలయాలు, దాని అంచు నుంచి అప్పుడే బయటికి వస్తున్న సూర్యుడు, కింద రాళ్ల నేల మీద నా నౌక నీడ. అది తిరిగొచ్చింది. వెనకాల ఎర్ర ఇంకుతో ‘ఇది ఫోటో కాదు, కంప్యూటర్ బొమ్మ’ అని రాసి పంపారు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఫోటో ఎలైట్ డేంజరస్ అనే కంప్యూటర్ గేమ్‌లో తీసింది. అంతరిక్షంలో నౌక నడుపుకుంటూ తిరిగే ఆట అది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఫ్రాంటియర్ కంపెనీ 2014 డిసెంబరులో విడుదల చేసింది. మా పిల్లోడు ఆడుతుంటే వెనక నిలబడి చూశాను, తర్వాత కుర్చీ నాదైపోయింది. అందులో మన పాలపుంతను ఉన్న కొలతల్లోనే కట్టారు. 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. మనకు తెలిసిన నక్షత్రాలను కేటలాగుల్లో చూసి వాటి చోట పెట్టారు. తెలియనివాటిని కంప్యూటర్ భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కగట్టి పుట్టిస్తుంది. లక్షల మంది ఇన్నేళ్లు తిరిగినా చూసింది ఒక్క శాతం కూడా కాదు. అంటే పిల్లలూ, మీరు ఈ రాత్రి బయలుదేరితే ఇంతవరకు ఏ మనిషీ చూడని లోకం మీ కళ్లబడుతుంది. ఇంకొకరి కంట పడని చోటుకి కెమెరా పట్టుకుపోవడం, మనలో ఎంతమందికి దొరికింది? చెప్పండి.

నేను పాలపుంత నడుమనున్న సాజిటేరియస్ ఏ-స్టార్ అనే కృష్ణబిలం దాకా పోయాను. దాదాపు 26 వేల కాంతి సంవత్సరాలు, 600కు పైగా జంపులు, అంటే ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడాలు. దారిలో ఇంధనం అయిపోవస్తే నక్షత్రం దగ్గరికి పోయి దాని నుంచే పట్టుకోవాలి. అన్ని నక్షత్రాలూ ఇవ్వవు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం రకాలే ఇస్తాయి. మా పిల్లోడు ఆ అక్షరాలు చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించాడు, ఇంకా ఉంది.

సరే, ఆ ఫోటో సంగతి. నేను దిగింది గ్రహం మీద కాదు, దాని చందమామ మీద. మన చంద్రుడిలాగే అది కూడా తన గ్రహానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది. అందుకని అక్కడి నుంచి చూస్తే గ్రహం ఆకాశంలో ఒకేచోట ఉంటుంది, సూర్యుడే నెమ్మదిగా జరిగి దాని వెనక్కి పోతాడు, మళ్లీ ఇవతలికి వస్తాడు. ఆ ఇవతలికి వచ్చే క్షణం నాకు కావాలి. ఈ గేమ్‌లో ఆపే బటన్ లేదు. అక్కడ గంటంటే మన గంటే. నాలుగు గంటలు కాచుకున్నాను. ఇంకాసేపట్లో అనగా కరెంటు పోయింది.

వచ్చేసరికి సూర్యుడు బయటికి వచ్చేశాడు. మన వీధిలో కరెంటు పోయిందని అక్కడి చందమామ ఆగదు కదా. అది గ్రహం చుట్టూ మళ్లీ ఒక చుట్టు పూర్తిచేయాలి, 31 గంటలు. మరుసటి రాత్రి పొరుగాయన దగ్గర ఇన్వర్టర్ తెచ్చి పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున వచ్చింది. మొదట వలయాల అంచు వెలిగింది, తర్వాత నేల మీద రాళ్లకు ఒక్కొక్కటిగా నీడలు పుట్టాయి.

ఇది కాచుకోవడం కాదా? మా నాయన చేసింది ఇదే. ఆయన స్టూడియోలో గోడకు ఒక తెర ఉండేది. ఏడుకొండలు, గోపురం, పక్కన కొబ్బరిచెట్టు, అన్నీ పెయింటింగే. కొండ దిగి గుండ్లతో వచ్చిన కుటుంబాలు ఆ తెర ముందే నిలబడేవి. పసిబిడ్డ కొత్త గుండుతో ఏడుస్తుంటే ఆయన నల్లగుడ్డ కింద తల పెట్టి అలాగే ఉండేవారు. ఏడుపు ఆగాలి, వాడు అమ్మ మొహం చూడాలి, అప్పుడు. గంటైనా సరే. వెనకున్నది పెయింటింగ్ కొండ కాబట్టి అది ఫోటో కాదని ఒక్కరైనా అన్నారా? ఆ ఫోటోలు ఎన్ని ఊళ్లలో దేవుడి పటాల పక్కన ఉన్నాయో!

ఆ గ్రహం నిజంగా లేదు, ఒప్పుకుంటాను. నిజం గ్రహమని చెప్పి ఎవరినీ నమ్మించమనను. 2016లో గురుగ్రహాన్ని చేరి దాని చుట్టూ తిరిగిన నాసా వారి జూనో నౌక తీసినవి వేరు, నావి వేరు. (ఆ నౌక కెమెరా పంపిన ముడి చిత్రాలను నాసా అందరికీ ఇస్తుంది. ఇంట్లో కూర్చుని రంగులు సరిచేసే ఔత్సాహికులు ఎందరో ఉన్నారు. మీరూ ప్రయత్నించండి.) కానీ ఎక్కడ నిలబడాలి, ఏది వదిలేయాలి, ఎప్పుడు నొక్కాలి, ఈ మూడూ నావే. ఫోటోగ్రాఫర్ పని ఇంకేముంది?

ఇంకొకటి. తిరుగు ప్రయాణంలో ఒక బరువైన గ్రహం మీద దిగబోయాను. గురుత్వం మన భూమికంటే అయిదు రెట్లు. వేగం తగ్గించేలోపే నౌక నేలకు కొట్టుకుని ముక్కలైంది. అక్కడి రూలు ఏమిటంటే, అంతరిక్ష స్టేషన్‌కు చేరి, చూసిన గ్రహాల వివరాలు అమ్మితేనే ఆ గ్రహం పక్కన మొదట కనుగొన్నవారిగా మన పేరు పడుతుంది. నౌక పోతే అన్నీ పోయినట్టే. రెండు నెలల తిరుగుడు పోయింది. ఏ గ్రహం పక్కనా నా పేరు లేదు. ఆ రెండు నెలలకు మిగిలింది ఫోటోలే, 312. పోటీవాళ్లు బొమ్మ అన్నది వాటిలో ఒకటి.

అన్నలారా, ఈ ఆటతో కళ్లు పాడవుతాయంటారు. నా కళ్లు తెరుచుకున్నాయి. అక్కడ కొండచరియల మీద వెలుగు చూసి చూసి, ఒకరోజు మన ఘాట్ రోడ్డు మీద బస్సులో పోతుంటే రాయి మారిన గీత కనబడింది. కింద గ్రానైట్, పైన నగరి క్వార్ట్‌జైట్ అనే ఇంకో రాయి, ఆ రెండూ పుట్టిన కాలాల మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ల ఖాళీ. జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు. పుట్టినప్పటి నుంచి ఆ దారిలో పోతున్నాను, ఒక్క ఫోటో తీయలేదు. ఇప్పుడు పొద్దున ఏటవాలు వెలుగు కోసం అక్కడికీ పోతున్నాను.

పెళ్లి ఫోటోల గురించి చెప్పే టైము లేదు, క్షమించండి. కమిటీవారిని అడిగేది ఒక్కటే. వచ్చే ఏడాది మన పోటీలో ఆటల్లో తీసిన ఫోటోలకు ఒక విభాగం పెట్టండి. ఎంట్రీ ఫారం నేనే రాసి తెచ్చాను. అందులో గేమ్ పేరు, చోటు పేరు, ‘ఇది నిజమైన గ్రహం కాదు’ అనే ప్రకటన, ఆఖర్న ఎంతసేపు కాచుకున్నారో రాయడానికి ఒక గడి ఉన్నాయి. ఇదిగో, అధ్యక్షుల వారి బల్ల మీద పెడుతున్నాను. ముందు వరుసలోని పిల్లలకు ఇవ్వడానికి ఇంకో ఇరవై కాపీలు సంచిలో ఉన్నాయి.