రాత్రి ఎనిమిదిన్నరకి ఏం వండాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వంట గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే సంతోషంగా ఉంది.

బయటి తిండి విషం, ఇంటి తిండి అమృతం అని చెప్పడానికి నేను రాలేదు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరాక, రాత్రి ఎనిమిదిన్నరకి వంటింట్లోకి వెళ్లాలంటే ఎవరికైనా టెన్షనే. ఫోన్ తీసి రెండు నొక్కులు నొక్కితే పనీర్ బటర్ మసాలా గుమ్మంలో ఉంటుంది, అరగంట అని చెప్పి ముప్పావుగంటకైనా సరే. ఇంటి వంట కూడా ఆ ముప్పావుగంటలోనే అయిపోవాలి. లేకపోతే మనం చెయ్యం.

వంట అనగానే కూర, పప్పు, చారు, వేపుడు అన్నీ ఒక్క పూటలో చెయ్యాలనుకుంటాం. అది పెళ్లిభోజనం లెక్క. మామూలు రోజుల్లో మన ఇళ్లలో సగం భోజనం ముందే సిద్ధంగా ఉండేది. డబ్బాలో కందిపొడి, జాడీలో ఊరగాయ, గిన్నెలో తోడుకున్న పెరుగు. పూటకి చెయ్యాల్సింది అన్నం, ఇంకొక్క వంటకం. ఆ ఒక్కటీ తోటకూర పప్పు అనుకుందాం.

ఇంట్లోకి రాగానే, బట్టలు కూడా మార్చుకోకముందే, అర గ్లాసు కందిపప్పు కడిగి నానెయ్యండి. కాసేపయ్యాక కుక్కర్ అడుగున నీళ్లు పోసి, కింది గిన్నెలో పప్పు, పసుపు, రెండు చుక్కల నూనె, పై గిన్నెలో బియ్యం పెట్టండి. నాలుగైదు కూతలు రావాలి. ఈలోపు తోటకూర తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో బాణలిలో మగ్గించుకోండి. చింతపండు మాత్రం పప్పుతో పాటు కుక్కర్లో వెయ్యకండి. పులుపు తగిలితే పప్పు సరిగా ఉడకదు, బద్దలు బద్దలుగా మిగులుతుంది. గోంగూరైనా, మామిడికాయైనా అంతే. పప్పు ఉడికి, మెదిపాకే పులుపు కలపాలి.

పోపు దగ్గర తొందరపడకండి. నూనె కాగి, ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి. చితక్కొట్టిన వెల్లుల్లి అంచులు ఎర్రబడేదాకా ఆగాలి. చివర్లో ఇంగువ, కరివేపాకు వేసి వెంటనే పప్పులో పోసెయ్యాలి. పక్క ఫ్లాట్ వాళ్లు ఇవాళ ఏం వండారని అడిగారంటే పోపు కుదిరినట్టే.

బయటి కూర సంగతి చూడండి. చాలా హోటళ్లలో ఉల్లి, టమాటా, జీడిపప్పు గ్రేవీ ముందే పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే అందులో పనీర్ వేసి, వెన్న, క్రీమ్ కలిపి వేడి చేసి ఇస్తారు. ఎప్పుడో సరదాకి తింటే తప్పేం లేదు. వారానికి నాలుగు రాత్రులు అదే అయితే మాత్రం, ఎంత నూనె, ఎంత ఉప్పు లోపలికి పోతోందో మన చేతిలో ఉండదు.

అలాగని ఇంట్లో వండింది కదా అని ఎలా పడితే అలా తినకూడదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజంతా మనకి అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. ఉప్పు 5 గ్రాములు మించకూడదు. మన కంచంలో అన్నం గుట్టగా ఉంటుంది, పప్పు దాని మీద చెంచాడు. ఆ లెక్క మారాలి. లైసిన్, మెథియోనిన్ అని ప్రొటీన్‌లో ఉండే భాగాలు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. రెండూ కలిస్తేనే మంచి ప్రొటీన్. పైన కాస్త నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఆవకాయ మాత్రం, క్షమించాలి, గోరంతే వేసుకోండి. అందులో ఉప్పెంత పడుతుందో కలిపినవాళ్లకి తెలుసు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇంట్లో వండుకుందాం అని మగవాళ్లు నిర్ణయించి, వండేది మాత్రం ఆడవాళ్లయితే ఇదంతా రెండు వారాలు కూడా నడవదు. ఆఫీసు అలసట ఇద్దరికీ ఒకటే. కూరగాయలు ఎవరు తేవాలి, పప్పు ఎవరు నానెయ్యాలి అన్నది ముందే మాట్లాడుకోండి.

ఉపన్యాసం చాలు. కుక్కర్లో పప్పు ఉడికి ఉంది, తోటకూర కూడా మగ్గింది. పోపు నేను పెట్టను. వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న అబ్బాయిలు, మీలో ఒకరు ముందుకు రండి నాన్నా.