గూగుల్ సెర్చ్ కన్సోల్ రివ్యూ: తెలుగు బ్లాగుకి ఎంతవరకు పనికొస్తుంది?

నమస్కారం అండి. ఈ రోజు రివ్యూ గూగుల్ సెర్చ్ కన్సోల్ మీద. రూపాయి ఖర్చు లేని టూల్ ఇది. ఏ మాట వెతికినప్పుడు మీ పోస్టు కనిపించింది, ఎంతమంది నొక్కారు అనేది గూగుల్ తన సొంత లెక్కల్లోంచి చూపిస్తుంది. డబ్బు కట్టి కొనే టూల్స్‌లో చాలావరకు అంచనాలే. అయితే ఇందులోనూ తప్పుదోవ పట్టించే అంకెలు ఉన్నాయి, తెలుగులో రాసేవాళ్ళకి మరీనూ. ఒక వంటల బ్లాగు, అందులో ‘ఉగాది పచ్చడి తయారీ విధానం’ అనే పోస్టు ఉందనుకుందాం. ఆ ఒక్క పోస్టునే పట్టుకుని మొత్తం చూద్దాం.

ముందు బ్లాగు మీదేనని గూగుల్‌కి రుజువు చేసి (దీన్నే వెరిఫికేషన్ అంటారు) టూల్‌కి కలపడం. రెండు దారులున్నాయి. డొమైన్ ప్రాపర్టీ, అంటే మీ సొంత వెబ్ అడ్రస్ మొత్తాన్నీ కలపడం అయితే, మీరు ఆ డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఇచ్చే అక్షరాల ముక్కని ఒక టీఎక్స్‌టీ రికార్డుగా పెట్టాలి. యూఆర్ఎల్ ప్రిఫిక్స్, అంటే ఒక్క అడ్రస్‌నే కలపడం అయితే, థీమ్‌లో ఒక మెటా ట్యాగ్ (గూగుల్ ఇచ్చే ఒక లైను కోడ్) పెడితే సరిపోతుంది. సొంత డొమైన్ ఉంటే మొదటిదే తీసుకోండి. ప్రిఫిక్స్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న అడ్రస్ వేరు, లేనిది వేరు. పొరపాటున మీ బ్లాగు వాడనిది కలిపితే లెక్కలు సున్నా చూపిస్తాయి. ట్యాగ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. థీమ్ మార్చినప్పుడు ఆ ట్యాగ్ ఎగిరిపోతుంది, దాంతోపాటు మీ వెరిఫికేషన్ కూడా. ఉచిత బ్లాగ్‌స్పాట్ అడ్రస్ వాళ్ళకి డీఎన్ఎస్ చేతిలో ఉండదు కాబట్టి ప్రిఫిక్సే గతి.

తర్వాత సైట్‌మ్యాప్, అంటే మీ పోస్టుల లింకుల జాబితా. బ్లాగర్‌లోనూ, వర్డ్‌ప్రెస్ 5.5 నుంచీ అది దానంతటదే తయారవుతుంది. మీరు అడ్రస్ ఇస్తే చాలు. పక్కన పచ్చగా ‘సక్సెస్’ అని వస్తే గూగుల్ ఆ జాబితా చదివిందని మాత్రమే అర్థం. పోస్టులన్నీ ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ వెతికి చూపించే పేజీల చిట్టాలోకి, ఎక్కాయని కాదు.

అది తెలియాలంటే పైన ఉన్న పెట్టెలో పోస్టు లింకు పేస్ట్ చేయాలి. దీన్నే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పోస్టు ఇండెక్స్‌లో లేకపోతే ఎక్కువగా ఎదురయ్యే మెసేజీలు రెండు. ‘డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అంటే అడ్రస్ తెలిసింది, ఇంకా వచ్చి చదవలేదు. అప్పుడు బాగా నడుస్తున్న మీ పాత పోస్టుల్లోంచి దీనికి రెండు మూడు లింకులు ఇవ్వండి. ‘క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అంటే వచ్చి చదివింది, కానీ పెట్టుకోలేదు. ఇక్కడ చాలామంది ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ బటన్‌ని రోజూ నొక్కుతుంటారు. ఎన్నిసార్లు నొక్కినా పని త్వరగా అవదని గూగులే రాసి పెట్టింది. అసలు లోపం పోస్టులో వెతకాలి. నాలుగు లైన్లు రాసి, కొలతలన్నీ ఒక పోస్టర్ బొమ్మలో పెట్టేశారా? అయితే చదవడానికి అక్కడ ఉన్నది ఆ నాలుగు లైన్లే. ఇంకోటి, పేజ్‌మేకర్ కాలం నాటి అను ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చకుండా పేస్ట్ చేయడం. కంటికి తెలుగులా కనిపించినా లోపల ఉన్నది పిచ్చి గుర్తులు. పరీక్ష తేలిక. పోస్టులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగులాగే వస్తే మంచిదే. గుర్తుల కలగాపులగం వస్తే ముందు కన్వర్టర్ పని చూడాలి.

బ్లాగర్ వాళ్ళకి ఒక మాట. లేబుల్ పేజీలు ‘బ్లాక్డ్ బై రోబోట్స్’ అని కనిపిస్తాయి. కంగారు పడకండి, బ్లాగరే వాటిని కావాలని ఆపుతుంది. మీ పోస్టులకి దాంతో నష్టం లేదు.

ఇప్పుడు అసలు సరుకు, పెర్ఫార్మెన్స్ రిపోర్టు. తెరవగానే కనిపించే పెద్ద గ్రాఫ్‌ని వదిలేయండి. బ్లాగు మొత్తం లెక్క చూసి ఒక పోస్టుని బాగుచేయలేం. కింద పేజెస్ ట్యాబ్‌కి వెళ్ళి, ఉగాది పచ్చడి పోస్టు మీద నొక్కి, అప్పుడు క్వెరీస్ (వెతికిన మాటలు) ట్యాబ్‌కి రండి. జనం ఏం టైప్ చేస్తే ఈ పోస్టు కనిపించిందో అక్కడ ఉంటుంది. మరీ అరుదైన క్వెరీలని గూగుల్ దాచేస్తుంది. అందుకే జాబితాలోని క్లిక్కులు కూడితే పైన చూపిన మొత్తం రాదు. అది మీ తప్పు కాదు.

ఇక్కడ తెలుగువాళ్ళకి బాగా పనికొచ్చే కిటుకు ఉంది. కొత్త ఫిల్టర్ పెట్టి, క్వెరీ ఎంచుకుని, కస్టమ్ రెజెక్స్ (అక్షరాల నమూనాతో వడకట్టే పద్ధతి) తీసుకోండి. అందులో [అ-హ] అని ఇలాగే టైప్ చేయండి, చదరపు బ్రాకెట్లతో సహా. తెలుగు లిపిలో వెతికినవి మాత్రమే మిగులుతాయి. అదే ఫిల్టర్‌ని ‘డజ్ నాట్ మ్యాచ్’కి మారిస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసినవి బయటపడతాయి. పచ్చడిలో హెచ్ కలిపినవాళ్ళు, కలపనివాళ్ళు, అందరూ అక్కడే ఉంటారు. ఏ గుంపు పెద్దదో ఒక్కో బ్లాగుకి ఒక్కో రకం, ఊహించకుండా చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల గుంపు పెద్దదని తేలితే ఆ పేరు లింకులో ఒకసారి, ఫొటో ఫైల్ పేరులో ఒకసారి పెట్టండి. పోస్టు అడుగున యాభై రకాల స్పెల్లింగులు కుప్ప పోయడం మాత్రం వద్దు, అది స్పామ్ కిందికి వస్తుంది.

లింకు మాట వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. తెలుగు లిపిలో ఉన్న లింకుని గూగుల్ చక్కగా చదువుతుంది, అందులో సందేహం లేదు. ఇబ్బంది వేరేచోట. లింకులో ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో (%) కలిపి 9 అక్షరాలవుతుంది. గుణింతం, పొల్లు, సున్న, ప్రతిదీ విడిగా ఒక గుర్తే. స్లగ్‌కి, అంటే లింకులో పోస్టు పేరు ఉండే భాగానికి, వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలు. ‘ఉగాది పచ్చడి తయారీ విధానం’లో ఉన్నవి 22 గుర్తులు, అంటే 198. మధ్యలో మూడు గీతలు కలిపితే 201. దాంతో చివరి సున్న తెగిపోయి స్లగ్ ‘విధాన’ దగ్గర ఆగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే అది రెండు మూడు లైన్ల శాతం గుర్తులుగా పోతుంది, చూసినవాళ్ళు వైరస్ లింకేమో అనుకుంటారు! బ్లాగర్ ఇంకో రకం. తెలుగు శీర్షికని పూర్తిగా వదిలేసి ‘బ్లాగ్ పోస్ట్’ అనీ, పక్కన ఒక నంబరూ పెట్టేస్తుంది. కాబట్టి పబ్లిష్ నొక్కకముందే ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఉగాది-పచ్చడి’ అని మీరే రాసుకోండి. పాత పోస్టుల లింకులు మార్చకండి. వర్డ్‌ప్రెస్ పాత లింకుని కొత్తదానికి మళ్ళిస్తుంది కానీ, బ్లాగర్‌లో ఆ మళ్ళింపు (రీడైరెక్ట్) మీరే పెట్టాలి.

మళ్ళీ క్వెరీల దగ్గరికి వద్దాం. ఇంప్రెషన్స్ (ఎన్నిసార్లు కనిపించింది) బాగా ఉండి, పొజిషన్ (ఫలితాల్లో ఎన్నో స్థానం) 10 లోపు ఉండి, క్లిక్కులు లేవంటే ముందు శీర్షికని అనుమానించండి. ‘తెలుగువారి తొలి పండుగ ఉగాది విశిష్టత, షడ్రుచుల ఉగాది పచ్చడి తయారీ’ అని పెడితే ఫోన్‌లో సగం మింగేస్తుంది, పచ్చడి అన్న మాటే కనబడదు. ‘ఉగాది పచ్చడి తయారీ: 6 మందికి కొలతలతో’ అని ముందే చెప్పేయండి. లోపల ఆ కొలతలు నిజంగా ఉండాలి. ఇక ‘వేప పువ్వు లేకుండా’ లాంటి క్వెరీకి పొజిషన్ 20, 30 చూపిస్తుంటే, పోస్టులో దాని గురించి ఒక్క ముక్క కూడా ఉండి ఉండదు. కొత్త పోస్టు అక్కర్లేదు. ఆ మాటతోనే ఒక ఉపశీర్షిక పెట్టి, రెండు పేరాలు రాస్తే సరి.

పోస్టులో కీవర్డ్ ఎన్నిసార్లు వచ్చిందో చూసి మార్కులు వేసే ఎస్ఈఓ ప్లగిన్లలో పచ్చ లైట్ వచ్చేదాకా పోస్టుని చెక్కేవాళ్ళకి ఒక చురక. తెలుగు విభక్తులు వాటికి పట్టవు. ‘పచ్చడి’ అని కీవర్డ్ ఇచ్చి ‘పచ్చళ్ళలో’ అని రాస్తే లెక్కలోకి రాదు. లైట్ కోసం ప్రతి వాక్యంలో పచ్చడి పచ్చడి అని ఇరికిస్తే చదివేవాళ్ళకి నోరు చేదవుతుంది. మెటా కీవర్డ్స్ పెట్టె (పోస్టు కీవర్డులని పేజీ కోడ్‌లో రాసే చోటు) నింపడం కూడా వృథాయే. ర్యాంకింగ్‌కి దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

ఈ టూల్‌లో నాకు నచ్చనిది యావరేజ్ పొజిషన్. ఒక క్వెరీకి 100 ఇంప్రెషన్లు, పొజిషన్ 3 అనుకోండి. కొత్తగా ఇంకో క్వెరీకి 300 ఇంప్రెషన్లు వచ్చాయి, పొజిషన్ 35. సగటు 27 అవుతుంది. నిజానికి ఏదీ పడలేదు, పోస్టు ఇంకో మాటకి కూడా కనిపించడం మొదలైంది, అంతే. గ్రాఫ్ చూసినవాడు మాత్రం పోస్టు మునిగిపోయిందని తిరగరాసి, ఉన్నదీ పోగొట్టుకుంటాడు. పొజిషన్‌ని ఒక్కో క్వెరీకే చూడండి.

పండుగ పోస్టులకి ఇంకో గండం ఉంది. కంపేర్‌లో ‘ఇయర్ ఓవర్ ఇయర్’ నొక్కితే అది అవే తేదీలని పక్కపక్కన పెడుతుంది. ఉగాది 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. 2026 మార్చి 5 నుంచి 20 వరకు లెక్కని అంతకుముందు ఏడాది అవే తేదీలతో పోలిస్తే, అప్పటికింకా పండుగే రాలేదు. క్లిక్కులు అమాంతం పెరిగినట్టు కనిపించి మురిసిపోతాం. కస్టమ్‌లోకి వెళ్ళి రెండోవైపు 2025 మార్చి 16 నుంచి 31 పెట్టండి. అప్పుడు రెండువైపులా పండుగ పదిహేనో రోజున పడుతుంది.

ఏటేటా ‘ఉగాది పచ్చడి 2026’ అంటూ కొత్త పోస్టు వేయకండి. అదే అడ్రస్‌లో పండుగకి నెలా నెలన్నర ముందు మార్పులు చేయండి, గూగుల్ మళ్ళీ వచ్చి చదవడానికి టైం దొరుకుతుంది. సెర్చ్ కన్సోల్‌లో డేటా 16 నెలలే ఉంటుంది, అంటే కిందటి ఉగాది దొరుకుతుంది, అంతకుముందుది చెరిగిపోతుంది. అందుకని పండుగ అయిన వారానికి ఆ పేజీ ఫిల్టర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కండి. ఒకసారికి 1,000 వరసలే వస్తాయి, ఒక్క పోస్టుకి అవి ధారాళంగా సరిపోతాయి. ఫైల్ పేరులో ఏడాది రాసి దాచుకోండి.