స్టేజీ మీద మౌస్‌తో పని పడకూడదు

ఫోన్-ఇన్ కార్యక్రమం. అంశం: కచేరీ కోసం మిడి కంట్రోలర్‌ను, ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేసుకోవడం

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం... ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుకునే మన ఊళ్లలో ఆర్కెస్ట్రా లేని పెళ్లి, భజన లేని పండగ ఉండవు. ఈమధ్య చాలామంది కుర్రాళ్లు పెద్ద కీబోర్డు కొనలేక మిడి కంట్రోలర్ అనే చిన్న కీల పలకని ల్యాప్‌టాప్‌కి తగిలించి వాయిస్తున్నారు. వాళ్ల సందేహాలు తీర్చడానికి మాస్టారు స్టూడియోకి వచ్చారు. మాస్టారూ, నమస్కారం.

మాస్టారు: నమస్కారమమ్మా. ముందుగా ఒక్క మాట చెప్తాను. స్టేజీ ఎక్కాక చెయ్యి కీల మీద, నాబ్‌ల మీద, అంటే తిప్పే గుండీల మీద ఉండాలి. మౌస్ పట్టుకోవాల్సి వచ్చిందంటే ఇంటి దగ్గర చేయాల్సిన పని ఏదో మిగిలిపోయిందన్నమాట. ఈరోజు నేను ఏం చెప్పినా దాని కోసమే.

వ్యాఖ్యాత: మొదటి కాల్ పర్లాకిమిడి నుంచి. చెప్పండి.

శ్రోత (పర్లాకిమిడి): నమస్తే మాస్టారూ. 49 కీల కంట్రోలర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ల్యాప్‌టాప్‌కి పెడితే లైట్లు వెలుగుతున్నాయి గానీ చప్పుడు లేదు. నిన్న రాత్రి ఎలాగో మోగింది, కానీ నొక్కిన కాసేపటికి వస్తోంది. పాడైపోయిన ముక్క అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది.

మాస్టారు: టెన్షన్ వద్దు బాబూ. ఆ పెట్టెలో అసలు శబ్దమే ఉండదు. ఏ కీ నొక్కావు, ఎంత గట్టిగా నొక్కావు, ఎప్పుడు వదిలావు, ఈ కబురు మాత్రమే తీగలో వెళ్తుంది. ఎంత గట్టిగా అనేది 1 నుంచి 127 వరకు ఒక అంకె. ఆ కబురు అందుకుని మోగించేది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్. నువ్వు ఏది వాడుతున్నావు?

శ్రోత: ఏబుల్టన్ లైవ్ అండి. కంట్రోలర్‌తోపాటే వచ్చింది.

మాస్టారు: అయితే సెట్టింగ్స్‌లో మిడి పేజీ తెరువు. ఇన్‌పుట్ వరసలో నీ కంట్రోలర్ పేరుంటుంది. దాని ఎదురుగా ట్రాక్, రిమోట్ అని ఉంటాయి. ట్రాక్ ఆన్ చేస్తే స్వరాలు వెళ్తాయి, రిమోట్ ఆన్ చేస్తే నాబ్‌లు పనిచేస్తాయి. రెండూ ఆన్ చెయ్యి. తర్వాత ఒక మిడి ట్రాక్‌లో ఏదైనా వాయిద్యం వేసి, కింద ఉన్న ఆర్మ్ బటన్ నొక్కు. ఇక ఆలస్యం సంగతి. స్పీకర్ ఎలా కలిపావు?

శ్రోత: బ్లూటూత్ స్పీకరండి.

మాస్టారు: దొంగ అక్కడే దొరికాడు. పాట వినడానికి బ్లూటూత్ పనికొస్తుంది, వాయించడానికి పనికిరాదు. శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పేసరికి సెకనులో పదో వంతు కంటే ఎక్కువే పోతుంది. తబలా వాయించేవాడు నీ పక్కన కూర్చోలేడు. వెంటనే వైరు పెట్టు. రెండోది డ్రైవర్. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవర్‌తో కాకుండా ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్‌తో నడపాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని కంపెనీ ఇచ్చిన ఏసియో వేసుకో. లేకపోతే ఏసియో4ఆల్ అని ఉచితంగా దొరుకుతుంది. అందులో బఫర్ సైజు చూడు, అంటే శబ్దాన్ని ఒక్కో విడతకి ఎన్ని ముక్కలు పోగుచేసి పంపాలో చెప్పే అంకె. సెకనుకి 44,100 ముక్కల శాంపిల్ రేటు మీద 512 పెడితే దాదాపు 12 మిల్లీసెకన్లు, 128 పెడితే 3 మిల్లీసెకన్ల లోపు. ఇది ఒక్క బఫర్ లెక్కే, మొత్తం ఆలస్యం దీనికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. గాలిలో శబ్దం ఒక మీటరు రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కదా. 10 మిల్లీసెకన్లంటే స్పీకర్‌కి మూడు మీటర్ల పైచిలుకు దూరంలో కూర్చున్నట్టు. అంతవరకు వేళ్లు సర్దుకుంటాయి.

శ్రోత: మరి అన్నిటికంటే తక్కువ పెట్టేస్తే?

మాస్టారు: ప్రాసెసర్‌కి ఊపిరాడక టపటపమని చిటుకులు వస్తాయి. నీ పాటల్లో అన్నిటికంటే బరువైన పాట తెరిచి, రెండు చేతులతో, స్వరాన్ని సాగదీసే సస్టైన్ పెడల్ తొక్కి పట్టి పది నిమిషాలు వాయించు. చిటుకు రాని అతి చిన్న సైజు ఏదో అదే నీది. వైరు పెట్టి చూసి వీలైతే మళ్లీ ఫోన్ చెయ్యి.

వ్యాఖ్యాత: కాశీనగర్ నుంచి పెద్దాయన లైన్‌లో ఉన్నారు.

శ్రోత (కాశీనగర్): నమస్కారమండి. నేను పద్య నాటకాలకి హార్మోనియం వాయిస్తాను. వయసు మీద పడింది, పెట్టె మోయలేకపోతున్నాను. మా మనవడు ఈ ల్యాప్‌టాప్ పద్ధతి చెప్తున్నాడు. కానీ వాడు వినిపించిన హార్మోనియంలో ప్రాణం లేదండి. ఒక స్వరం పెద్దగా, ఒకటి చిన్నగా గుచ్చినట్టు వస్తోంది.

మాస్టారు: మీ చెవి సరిగ్గా పట్టుకుందండి. పియానోకైతే వేలి దెబ్బని బట్టి శబ్దం పెరుగుతుంది. హార్మోనియంలో వేలు దారి తెరుస్తుంది, అంతే. బలమంతా గాలితిత్తిది. అందుకని రెండు పనులు చేయించండి. ఒకటి, కంట్రోలర్‌లో వెలాసిటీ ఫిక్స్‌డ్ అని పెట్టి, 100 దగ్గర ఆపేయమనండి. ఇక ఎలా నొక్కినా అన్ని స్వరాలూ సమంగా పలుకుతాయి. రెండోది, ఒక ఎక్స్‌ప్రెషన్ పెడల్ కొనమనండి. మిడిలో ప్రతి పనికీ ఒక నంబరుంది. వాల్యూమ్ 7, ఎక్స్‌ప్రెషన్ 11, సస్టైన్ 64. ఆ పెడల్‌కి 11 ఇస్తే అదే మీ తిత్తి. కాలితో తొక్కే హార్మోనియం మీద చేయి తిరిగిన వాళ్లకి ఇది ఒక్క పూటలో అలవాటవుతుంది. రాగం తీసేటప్పుడు చివర కాలు మెల్లగా వదలండి, పద్యం అందుకునే ముందు కొద్దిగా నింపండి. మీరు చెప్పిన ప్రాణం అక్కడ వస్తుంది.

శ్రోత: శృతి మార్చడం ఎలాగండి? ఒక్కో నటుడిది ఒక్కో శృతి. కృష్ణుడు నాలుగులో పాడతాడు, ఇంకొకాయన ఐదున్నర అంటాడు.

మాస్టారు: ట్రాన్స్‌పోజ్‌తో అండి, వేళ్లు మారకుండా శృతి మాత్రం మారుస్తుంది. మీకు ఒకటి శృతిలో వేళ్లు అలవాటైతే, నాలుగుకి అయిదు మెట్లు పైకి, అంటే ప్లస్ 5. ఐదున్నరకి ప్లస్ 8. ఒక్కో శృతికి కంట్రోలర్ మీద ఒక్కో ప్యాడ్, అంటే కొట్టే చదరపు బటన్, పెట్టించుకోండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కీ మీద వేలు ఉండగా శృతి మార్చకండి. కొన్ని కీబోర్డుల్లో పాత స్వరం మొదలైనట్టు కబురు వెళ్తుంది, ఆగినట్టు కబురు కొత్త స్వరం పేర వెళ్తుంది. ఆ పాతది అలా మోగుతూనే ఉండిపోతుంది. అందుకే ఆల్ నోట్స్ ఆఫ్ అనే కబురుంది, నంబరు 123. ఒక బటన్‌కి అది ఇచ్చి ఎర్ర స్టిక్కర్ అంటించండి. నా కంట్రోలర్ మీద ఎడమ చివర బటన్ అదే.

శ్రోత: ఇంట్లో పాత కీబోర్డు ఒకటుంది, వెనక గుండ్రటి అయిదు బెజ్జాల సాకెట్లు ఉన్నాయి. పారేయాలా?

మాస్టారు: అయ్యో, పారేయకండి! అవి మిడి సాకెట్లే. ఈ పద్ధతి 1983లో వచ్చింది. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకెహాషి వేర్వేరు కంపెనీల వాళ్లయినా అందరి వాయిద్యాలూ ఒకే భాష మాట్లాడాలని పట్టుబట్టారు. 2013లో వాళ్లిద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. వాళ్ల పుణ్యమే, నలభై ఏళ్ల నాటి కీబోర్డు కూడా నేటి ల్యాప్‌టాప్‌తో మాట్లాడుతుంది. యూఎస్‌బీ మిడి కేబుల్ కొని, ఇన్ అని రాసినదాన్ని కీబోర్డు అవుట్‌లో పెట్టండి. పలకకపోతే రెండూ తారుమారు చేసి చూడండి.

వ్యాఖ్యాత: బరంపురం నుంచి ఆర్కెస్ట్రా బృందం అమ్మాయి.

శ్రోత (బరంపురం): మాస్టారూ, మాకు పెళ్లిళ్ల కార్యక్రమాలు. తెలుగు, ఒడియా, హిందీ అన్నీ ఫర్మాయిషే. పాటకో ఫైలు చేసి పెట్టుకున్నా. అడిగిన పాట వెతికి తెరిచేసరికి ముందు వరసలో వాళ్లు లేచిపోతున్నారు.

మాస్టారు: పాటకో ఫైలు పద్ధతి నీకు కుదరదమ్మా. వరసగా పాడే కచేరీకి అది సరే. ఫర్మాయిష్ ఉన్న చోట పాట పేరుతో కాదు, శబ్దం పేరుతో సర్దుకోవాలి. ఒక్కటే ఫైలు. అందులో నీకు నిజంగా కావలసినవి లెక్కపెట్టు. పియానో, స్ట్రింగ్స్, వేణువు, మంగళవాద్యానికి నాదస్వరం, ఒడియా పెళ్లికి మహురికి దగ్గరగా ఉండే షెహనాయి, హార్మోనియం, బేస్, ఒక సింథ్. ఎనిమిదే కదా! ఎనిమిది ప్యాడ్‌లకి ఎనిమిది. అన్నీ ముందే మెమరీలో ఉంటాయి కనుక లోడింగ్ అనే మాటే ఉండదు. ప్యాడ్‌లకి ఇవ్వడం తేలిక. ఏబుల్టన్ లైవ్‌లో అయితే ల్యాప్‌టాప్ మీద కంట్రోల్, ఎమ్ నొక్కు. స్క్రీన్ రంగు మారుతుంది. కావలసిన బటన్ మీద క్లిక్ చేసి, కంట్రోలర్ మీద ప్యాడ్ కొట్టు. మళ్లీ కంట్రోల్, ఎమ్. అయిపోయింది. రీపర్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లలోనూ దీన్నే మిడి లెర్న్ అంటారు.

శ్రోత: నాబ్ ముట్టుకోగానే వాల్యూమ్ ఒక్కసారి పేలిపోతుంది. మొన్న పెళ్లికొడుకు తాత ఉలిక్కిపడ్డారు.

మాస్టారు: నాబ్ ఒక చోట ఉంది, స్క్రీన్‌లో విలువ ఇంకో చోట ఉంది. నువ్వు ముట్టుకోగానే విలువ నాబ్ ఉన్న చోటికి ఎగిరిపోయింది. సెట్టింగ్స్‌లో ఇందాక చెప్పిన మిడి పేజీలోనే టేకోవర్ మోడ్ ఉంటుంది, అందులో పికప్ ఎంచుకో. అప్పుడు నాబ్ తిరుగుతూ వచ్చి పాత విలువని దాటాకే పని మొదలవుతుంది. ఇంకో మాట. నాబ్‌లు ఎనిమిదున్నాయని ఎనిమిదీ వాడకు. వాల్యూమ్, ప్రతిధ్వనినిచ్చే రెవర్బ్, శబ్దాన్ని మొద్దుగానో పదునుగానో చేసే ఫిల్టర్. మూడు చాలు. ఏ శబ్దం తీసినా మొదటి నాబ్ వాల్యూమే అయ్యుండాలి. చీకట్లో చెయ్యి తనంతట తాను అక్కడికి వెళ్లాలి.

వ్యాఖ్యాత: మాస్టారూ, మీకు స్టేజీ మీద ఎప్పుడైనా ఇలాంటి ఇబ్బంది ఎదురైందా?

మాస్టారు: ఎదురైందమ్మా. శ్రీరామనవమి పందిరి. ఇంట్లో అన్నీ చూసుకుని వెళ్లాను. అక్కడ బల్ల ఇరుగ్గా ఉందని కంట్రోలర్‌ని ల్యాప్‌టాప్ రెండో పక్క పోర్టులో పెట్టాను. పోర్టు మారేసరికి విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుంది. పేరు ముందు 2 అంకె చేరింది. ఆ కొత్త పేరుకి ట్రాక్ లేదు, రిమోట్ లేదు. గాయని ఆలాపన ఎత్తుకుంది, నా వేళ్ల కింద కీలు మూగగా ఉన్నాయి. ఆమె ఒక్కతే పల్లవి పూర్తి చేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే గోళ్ల రంగుతో పోర్టు పక్కన ఒక చుక్క, కేబుల్ మీద ఒక చుక్క పెట్టాను. చుక్కకి చుక్క. ఇప్పటికీ అంతే.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఇంకొకరు. త్వరగా అడగండి.

శ్రోత (రాయగడ): చార్జర్ పెడితే స్పీకర్లో గుయ్‌మని హమ్ వస్తోంది. పీకేస్తే పోతోంది. మా సౌండ్ సిస్టం అతను ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేయమంటున్నాడు.

మాస్టారు: వద్దు బాబూ, వద్దంటే వద్దు. పందిట్లో జనరేటర్, తడి నేల, చేతిలో ఇనుప మైకు. ఆ పిన్ నీ ప్రాణానికి కాపలా. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్స్ పెట్టు, సౌండ్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె అది. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది. అది నొక్కితే సౌండ్ వైరులో మాత్రమే ఎర్త్ తెగుతుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది. రెండూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే కూడా చాలావరకు తగ్గుతుంది. చార్జర్ పీకి వాయిస్తే బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది, చిటుకులు మొదలవుతాయి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టు, యూఎస్‌బీ పోర్టుని నిద్రపుచ్చే సస్పెండ్ ఆపెయ్యి, వైఫై కట్టెయ్యి.

శ్రోత: సస్టైన్ పెడల్ తిరగబడిందండి. తొక్కితే ఆగుతోంది, వదిలితే మోగుతోంది.

మాస్టారు: కీబోర్డు ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలు పెట్టి ఉంటావు. ఆపి, కాలు తీసి, మళ్లీ ఆన్ చెయ్యి.

వ్యాఖ్యాత: పర్లాకిమిడి తమ్ముడు మళ్లీ లైన్‌లోకి వచ్చాడు!

శ్రోత (పర్లాకిమిడి): మాస్టారూ, వైరు పెట్టాను, ఏసియో వేశాను. వినండి. (సా, పా, పై సా వినిపించాయి.) నొక్కిన వెంటనే వస్తోంది!

మాస్టారు: వింటున్నాను బాబూ, బాగుంది. బఫర్ ఎంతలో ఉంది?

శ్రోత: 256 అండి.

మాస్టారు: ఇప్పుడు 128కి దించు. పెడల్ తొక్కి పట్టి అయిదారు స్వరాలు ఒకేసారి వెయ్యి... ఆ, అదిగో, చిటుకు విన్నావా? మళ్లీ 256కి వెళ్లు. అక్కడే ఉంచు, ఇక కదపకు.